ఒకే ఫెనోఫైబ్రేట్ బ్యాచ్, ఒకే రకం యంత్రం, రెండు డి90 విలువలు: తేడా ఎక్కడ వస్తోంది?

బొంతపల్లి క్యూసీ:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో నాణ్యత నియంత్రణ విభాగంలో పనిచేస్తున్నాను. మేము జెట్ మిల్లులో (అతివేగపు గాలితో నలిపే యంత్రంలో) మైక్రోనైజ్ చేసిన, అంటే కొన్ని మైక్రాన్ల సన్నని పొడిగా చేసిన ఫెనోఫైబ్రేట్‌ను (రక్తంలో కొవ్వును తగ్గించే మందు) ఒక మాత్రల తయారీ సంస్థకు పంపుతాము. ఒప్పందం ప్రకారం డి90 విలువ 30 మైక్రాన్లకు మించకూడదు (పొడి ఘనపరిమాణంలో 90 శాతం ఏ పరిమాణం కంటే సన్నగా ఉంటుందో అది డి90; డి10, డి50 కూడా అలాగే). ఈసారి బ్యాచ్‌కు మా ఫలితం డి10: 3.1, డి50: 11, డి90: 27 మైక్రాన్లు. సరుకు అందుకున్నవారు డి90 విలువ 58 వచ్చిందని చెప్పి బ్యాచ్‌ను తిప్పి పంపుతామంటున్నారు. వారి దగ్గరా మా దగ్గరా ఉన్నది లేజర్ కాంతితో కణ పరిమాణం కొలిచే మాస్టర్‌సైజర్ 3000 యంత్రమే. రెండింటి క్యాలిబ్రేషన్ పత్రాలూ సక్రమంగానే ఉన్నాయి. మా పై అధికారులు వారి లెక్క తప్పని నిరూపించమని అడుగుతున్నారు. నాకు మాత్రం అంత నమ్మకంగా లేదు. రెండు రెట్లకు పైగా తేడా రావడానికి ఏమేమి కారణాలుంటాయో అనుభవజ్ఞులు చెప్పగలరా?

కాంతిపుంజం:
యంత్రం ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటే కాదు. లేజర్ డిఫ్రాక్షన్ యంత్రం కణాన్ని నేరుగా కొలవదు. పెద్ద కణాలు కాంతిని చిన్న కోణాల్లోనూ, చిన్న కణాలు పెద్ద కోణాల్లోనూ చెదరగొడతాయి. ఆ చెదిరిన కాంతి నమూనాను డిటెక్టర్లు పట్టుకుంటాయి, దాని నుంచి సాఫ్ట్‌వేర్ వెనక్కి లెక్క వేసి, ఇలాంటి నమూనాను ఇవ్వగల గోళాల గుంపు ఏదో ఊహించి చెబుతుంది. నాలుగు కణాలు అతుక్కొని ఒక ఉండగా వెళ్తే ఆ ఉండే ఒక కణం అవుతుంది. కనుక ముందు ఈ వివరాలు చెప్పండి: మీరు వాడేది వెట్ పద్ధతా (పొడిని ద్రవంలో కలిపి), డ్రై పద్ధతా (పొడిని గాలితో ఊది)? వెట్ అయితే ద్రవం ఏది, అందులో ఏమి కలుపుతారు, సోనికేషన్ (అల్ట్రాసౌండ్‌తో ఉండలను విడదీయడం) ఎంతసేపు? డ్రై అయితే గాలి ఒత్తిడి ఎన్ని బార్లు? అబ్స్క్యురేషన్ (కణాల వల్ల తగ్గిన లేజర్ కాంతి శాతం) ఎంత? వక్రీభవన గుణకం, శోషణ విలువ ఏమిచ్చారు? అవతలివారి నివేదికలోనూ ఇవన్నీ ఉంటాయి, అడిగి తెప్పించుకోండి. పద్ధతి వివరాలు లేని డి90 కొలమానం రాయని అంకె లాంటిది.

పాత జల్లెడ:
నేను ఈ రంగంలో చేరిన కాలంలో బాలానగర్ ప్రాంతపు ప్రయోగశాలల్లో లేజర్ యంత్రం మాట ఎవరూ ఎత్తేవారు కాదు. జల్లెడల దొంతర, తక్కెడ, ఓపిక, ఈ మూడే సాధనాలు. 100 మెష్ అంటే 150 మైక్రాన్లు, 200 మెష్ అంటే 75, 325 మెష్ అంటే 45 అని అందరికీ కంఠతా వచ్చేది. జల్లెడ పట్టడం ఎప్పుడు ఆపాలో కూడా నియమం ఉంది: ఏ జల్లెడ మీదా మిగిలిన పొడి బరువు వరుస రెండు తూకాల మధ్య 5 శాతం కంటే ఎక్కువ మారకూడదు, మొత్తం మీద నష్టం 5 శాతం దాటకూడదు. అయినా జల్లెడకూ తన పరిమితులున్నాయి. సూది ఆకారపు స్ఫటికం నిలువుగా జారి కిందికి దిగిపోతుంది కనుక జల్లెడ దాని పొడవును ఎరగదు. 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి జల్లెడ వలకు అతుక్కుంటుంది, కదలదు.

ఇంతకీ నేను చెప్పదలచినది నమూనా గురించి. డ్రమ్ము పైనుంచి ఒక చెంచాతో తీసి పంపలేదు కదా? చేటలో నూకలు నేమినప్పుడు ఏది ఎటు చేరుతుందో మన ఇళ్లలో అందరూ చూసినదే. లారీ ప్రయాణంలో డ్రమ్ములోనూ అదే జరుగుతుంది. ముతక, సన్న ఇసుకల మిశ్రమంతో చేసిన ఒక ప్రసిద్ధ పోలికలో, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసే పద్ధతికి ప్రామాణిక విచలనం (నమూనాకూ నమూనాకూ మధ్య ఊగిసలాట) సుమారు 6.8 శాతం వచ్చింది. చెంచాతో తీస్తే 5.1, చ్యూట్ రిఫ్లర్‌తో (పొడిని పక్కపక్క గాడుల గుండా రెండుగా పంచే పెట్టె) 1, తిరిగే రిఫ్లర్‌తో (తిరుగుతూ పొడిని చిన్న పాత్రల్లోకి పంచేది) 0.1 శాతం వచ్చాయి. లక్షలు పోసి యంత్రం కొని చెంచాతో నమూనా తీసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

పరవాడ మిల్లు:
పెద్దవారి మాటకు అడ్డు చెప్పడం కాదు గాని, ఇసుక వేరు, మైక్రోనైజ్ చేసిన పొడి వేరు. స్వేచ్ఛగా జారే ముతక పొడుల్లో ఆ వేరుపాటు బాగా కనిపిస్తుంది. 10, 20 మైక్రాన్ల పొడి తడిసిన పిండిలా ఒకదానికొకటి అంటుకొని ఉంటుంది కనుక లారీ కుదుపులకు విడిపోదు, పైగా ఇంకా గట్టిగా ముద్ద కడుతుంది. ఫెనోఫైబ్రేట్ ద్రవీభవన స్థానం సుమారు 80 డిగ్రీల సెల్సియస్ మాత్రమే, స్వభావం కొంచెం మైనపుది. మిల్లు గోడకు పొరలా పేరుకొని, ఆ పొర ఊడి పెచ్చులుగా సరుకులో కలవడం నేను చాలాసార్లు చూశాను. ఆపరేటర్ ఫీడ్ వేగం పెంచితే ముతక కణాలు మిగులుతాయి, పెంచకపోతే పెచ్చులు వస్తాయి. మిల్లింగ్ నుంచి అప్పుడే వచ్చిన పొడిలో స్థిర విద్యుత్తు కూడా ఎక్కువగా ఉంటుంది. మీరు పరీక్షించినది ఏ రోజు, వారు పరీక్షించినది ఏ రోజు? మధ్యలో వేసవి ఎండలో సరుకు ఎన్నాళ్లు ప్రయాణించింది? నా అనుమానం ఉండల మీదే.

బొంతపల్లి క్యూసీ:
అందరికీ కృతజ్ఞతలు. వివరాలు ఇవి. మాది వెట్ పద్ధతి: నీటిలో 1 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ (సబ్బులాంటి పదార్థం), 120 మి.లీ. తొట్టి, 3 నిమిషాల సోనికేషన్, అబ్స్క్యురేషన్ సుమారు 11 శాతం. వక్రీభవన గుణకం సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఉన్న 1.52నే వదిలేశాము. ఈ పద్ధతిని ఎనిమిదేళ్ల కిందట ఎవరో రాశారు, ఆ తరువాత ఎవరూ తెరిచి చూసినట్లు లేదు. అవతలివారు ఈరోజే తమ వివరాలు పంపారు: డ్రై పద్ధతి, 1 బార్ ఒత్తిడి, అబ్స్క్యురేషన్ 3 శాతం. మా పరీక్ష మిల్లింగ్ అయిన మరుసటి రోజు జరిగింది, వారిది 41 రోజుల తరువాత. నమూనాను మేము థీఫ్‌తో (లోతు నుంచి పొడి తీసే పొడవాటి గొట్టం) డ్రమ్ము పై, మధ్య, అడుగు భాగాల నుంచి తీస్తాము. వారు ఎలా తీశారో రాయలేదు.

త్వరగా తేల్చేవాడు:
ఇందులో ఇంత చర్చ ఎందుకో అర్థం కావడం లేదు. వారి డ్రై పద్ధతిలో ఒత్తిడి 4 బార్లకు పెంచమనండి, డి90 తనంతట తానే 30 కిందికి వస్తుంది. మీ దగ్గరైనా అంతే, సంఖ్య కొంచెం ఎక్కువ వస్తే సోనికేషన్ ఇంకో రెండు నిమిషాలు పెంచితే సరిపోతుంది. మా దగ్గర అందరూ అలాగే చేస్తారు.

కాంతిపుంజం:
పై సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. కావలసిన అంకె వచ్చేదాకా మీట తిప్పడాన్ని కొలత అనరు, తనిఖీకి వచ్చినవారు దానికి పెట్టే పేరు వేరుగా ఉంటుంది. సోనికేషన్ పెంచుతూ పోతే మొదట ఉండలు విడిపోతాయి, ఆ తరువాత స్ఫటికాలే విరుగుతాయి. ఈ రెండింటి మధ్య విలువ పెద్దగా మారని ఒక చదును ఉంటుంది. మనం పట్టుకోవలసినది ఆ చదునునే. డ్రై పద్ధతిలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది: ఒత్తిడిని 0.5 నుంచి 4 బార్ల వరకు మెట్లుమెట్లుగా పెంచి ప్రతి మెట్టు దగ్గర కొలవండి. బాగా విడదీసిన వెట్ ఫలితంతో ఏ ఒత్తిడి దగ్గర డ్రై ఫలితం కలుస్తుందో చూడండి. లేజర్ డిఫ్రాక్షన్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13320 చెప్పే దారి ఇదే. అన్నిటికంటే ముందు సూక్ష్మదర్శిని కింద పొడిని చూడండి. కంటితో చూడకుండా ఉండా, కణమా అని వాదించుకోవడం వ్యర్థం.

ఎడిసన్ ఫార్ములేషన్:
నేను న్యూజెర్సీలో మాత్రల రూపకల్పన విభాగంలో పనిచేస్తున్నాను. ఈ మందుతో చాలాకాలం కుస్తీ పట్టాను కనుక రెండు మాటలు చెప్పాలనిపించింది.

మొదటిది, ఈ మందుకు కణ పరిమాణం ఎందుకంత ముఖ్యమో చూడండి. ఫెనోఫైబ్రేట్ నీటిలో దాదాపు కరగదు. కరిగే వేగం ఉపరితల వైశాల్యంతో పెరుగుతుందని నోయెస్, విట్నీ 1897లో ఇచ్చిన సూత్రం చెబుతుంది. ఆ సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు: మామూలు పొడితో 300 మిల్లీగ్రాములు ఇవ్వవలసిన చోట మైక్రోనైజ్ చేసిన పొడితో 200 మిల్లీగ్రాములు సరిపోయాయి, నానో కణాల రూపంలో అది 145కు దిగింది. అణువు మారలేదు, ముక్క పరిమాణమే మారింది. కాబట్టి 27కూ 58కీ మధ్య ఉన్న తేడా కాగితం మీది గొడవ కాదు.

రెండవది, మీ 1 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ నాకు భయం కలిగిస్తోంది. ఫెనోఫైబ్రేట్ మాత్రల డిసొల్యూషన్ పరీక్షలో (మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్ష) నీటికి ఇదే పదార్థాన్ని కలుపుతాము, ఎందుకంటే అది మందును కరిగిస్తుంది. ఈ పదార్థం సుమారు 0.23 శాతం దాటితే నీటిలో మిసెల్‌లు (ఆ పదార్థపు అణువుల చిన్న గుంపులు) ఏర్పడతాయి, అవి కొవ్వు స్వభావం గల మందును తమలోకి లాక్కుంటాయి. మీరు కణాలను చెదరగొడుతున్నామనుకుంటూ వాటిని కరిగిస్తున్నారేమో! తెలుసుకోవడం చాలా తేలిక. సోనికేషన్ ఆపి, కలుపుతూ ఉంచి, ఐదు నిమిషాలపాటు అబ్స్క్యురేషన్‌ను గమనించండి. అది తగ్గుతూ పోతే కణాలు మాయమవుతున్నాయని అర్థం. తడపడానికి 0.1 శాతం చాలు, అదీ ముందుగానే ఫెనోఫైబ్రేట్‌తో సంతృప్తం చేసి 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టిన ద్రవం అయితే నిశ్చింతగా ఉండవచ్చు. హెక్సేన్ వంటి ద్రవాల వైపు మాత్రం వెళ్లకండి, ఈ మందుకు అవి నీటికంటే చుట్టాలు.

పాత జల్లెడ:
మేడమ్ గారు చెప్పింది ఎంతో విలువైన విషయం. పరవాడవారు ఇసుక గురించి చేసిన సవరణ కూడా ఒప్పుకుంటున్నాను. నా అలవాటు ముతక పొడులది.

ద్రవంలో కణాలు దిగే వేగాన్ని బట్టి పరిమాణం కట్టే ఆండ్రియాసెన్ పిపెట్‌తో కూడా మేము ఒకప్పుడు పనిచేశాము. నీటి కంటే సాంద్రత 0.2 మాత్రమే ఎక్కువ ఉన్న 10 మైక్రాన్ల కణం 20 సెంటీమీటర్లు దిగడానికి స్టోక్స్ సూత్రం ప్రకారం సుమారు 5 గంటలు పడుతుంది. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం లెక్క కట్టేవాళ్లం. ఆ ఐదు గంటల్లో కణాలు కరుగుతున్నాయేమోనన్న ఆలోచన మాకు ఎన్నిసార్లు వచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కాంతిపుంజం:
వక్రీభవన గుణకం విషయం కూడా ఒకటి ఉంది. 1.52 అనేది మీ పదార్థానిది కాకపోవచ్చు. సేంద్రియ స్ఫటికాలకు సాధారణంగా 1.5 నుంచి 1.7 వరకు ఉంటుంది, గుణకం తెలిసిన సూచిక నూనెల్లో వేసి బెకె రేఖ (కణం అంచున కనిపించే వెలుగు గీత) కదలికను సూక్ష్మదర్శిని కింద చూస్తే దగ్గరి విలువ తెలుస్తుంది. నూనెలో మందు కరిగిపోకముందే చూడాలి. 50 మైక్రాన్లు దాటిన కణాలకు కాంతి చెదరడాన్ని పూర్తిగా లెక్కించే మీ సిద్ధాంతం వాడినా, ఫ్రాన్‌హోఫర్ సరళీకరణ వాడినా పెద్ద తేడా ఉండదు. (ఇక్కడ మీ అన్నది 1908లో ఆ సిద్ధాంతం ప్రచురించిన గుస్టాఫ్ మీ గారి పేరు, మీది అని కాదు!) సన్న కణాల దగ్గర మాత్రం తప్పుడు విలువ ఇస్తే లేని సన్నపొడి ఉన్నట్లు కనిపిస్తుంది. అయితే ఇది డి10ను కదిలిస్తుంది గాని డి90ను 27 నుంచి 58కి తీసుకుపోదు. కాబట్టి మీ అసలు తగవుకు ఇది కారణం కాదు, కానీ సరిదిద్దవలసిన లోపమే.

బొంతపల్లి క్యూసీ:
పది రోజుల తరువాత తిరిగి వస్తున్నందుకు మన్నించండి. మీరు చెప్పినవన్నీ దాచి ఉంచిన నమూనాపైనా, అవతలివారి నుంచి తెప్పించిన 100 గ్రాములపైనా చేసి చూశాను.

ముందుగా సూక్ష్మదర్శిని. మా నమూనాలో కణాలు చాలావరకు 5 నుంచి 30 మైక్రాన్ల పలకలు. వారి నుంచి వచ్చిన పొడిలో అవే పలకలు గుత్తులుగా అతుక్కొని, 60, 80 మైక్రాన్ల ఉండలుగా కనిపించాయి. ఒక చుక్క తడిపే ద్రవం వేసి కవర్ గాజును కొద్దిగా కదిపితే చాలావరకు విడిపోయాయి.

తరువాత మా పాత పద్ధతి. ఎడిసన్ మేడమ్ గారు అనుమానించినట్లే 1 శాతం ద్రవంలో అబ్స్క్యురేషన్ 5 నిమిషాల్లో 11 నుంచి 8 శాతానికి పడిపోయింది. ఎనిమిదేళ్లుగా మేము కరుగుతున్న పొడిని కొలుస్తున్నాము. సంతృప్తం చేసిన 0.1 శాతం ద్రవంలో అది నిలకడగా ఉంది. ఆ ద్రవంలో వారి నమూనాకు సోనికేషన్ లేకుండా డి90 విలువ 52 వచ్చింది. 30 సెకన్లకు 34, 60 సెకన్లకు 33, 90 సెకన్లకు 33, 3 నిమిషాలకు 28. చివరి దశలో తొట్టి వెచ్చబడింది, సూక్ష్మదర్శిని కింద విరిగిన అంచులు స్పష్టంగా కనిపించాయి.

డ్రై పద్ధతిలో 0.5 బార్ దగ్గర 71, 1 బార్ దగ్గర 57, 2 దగ్గర 36, 3 దగ్గర 33, 4 దగ్గర 31. అంటే 3 బార్ల డ్రై, 60 సెకన్ల వెట్ రెండూ 33 దగ్గర కలుస్తున్నాయి. మా దగ్గర దాచిన నమూనాకూ 60 సెకన్ల దగ్గర 33 వచ్చింది. గుణకం సరిచేసి తిరిగి లెక్కిస్తే డి90 ఒక మైక్రాన్ కూడా కదలలేదు.

ఇక్కడే నా ఇబ్బంది. వారి 58 తప్పు, మా 27 కూడా తప్పు. సరైన విలువ 33 అయితే బ్యాచ్ స్పెక్ (ఒప్పందపు హద్దు) దాటినట్లే కదా! ఇది చెప్పినప్పుడు మా సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పరవాడ మిల్లు:
నిజం చెప్పినందుకు అభినందనలు. మీ మిల్లు మనిషి స్థానంలో నేనుంటే ఆ 33 చూసి ఫీడ్ వేగం రికార్డులు తీసేవాణ్ని. అయితే ఒక్కసారి కొలిచిన 33 మీద నిర్ణయం తీసుకోకండి. వేర్వేరుగా ఆరు నమూనాలు తీసి చూశారా?

కాంతిపుంజం:
అవును, అది అవసరం. ఫార్మకోపియా (ఔషధ ప్రమాణాల గ్రంథం) అధ్యాయాల ప్రకారం డి50కి సాపేక్ష ప్రామాణిక విచలనం 10 శాతం, డి10, డి90లకు 15 శాతం లోపు ఉండాలి, 10 మైక్రాన్ల కంటే చిన్న విలువలకు ఇవి రెట్టింపు అవుతాయి. డి90 ఎందుకు ఎక్కువ ఊగుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ విలువలన్నీ ఘనపరిమాణం ఆధారంగా కట్టినవి. ఒక్క 300 మైక్రాన్ల పెచ్చు 30 మైక్రాన్ల కణాలు 1000కి సమానం. పరవాడవారు చెప్పిన మిల్లు గోడ పెచ్చు ఒకటి కొలతలోకి వచ్చిందంటే వక్రరేఖ చివర ఒక చిన్న మూపురం లేస్తుంది, ఇంకో నమూనాలో అది ఉండదు. ఆరు ఫలితాలనూ సగటు కట్టడానికి ముందు ఆరు వక్రరేఖలనూ ఒకదానిపై ఒకటి పరిచి చూడండి.

ఎడిసన్ ఫార్ములేషన్:
నేను ఇంకో ప్రశ్న వేస్తాను. ఆ 30 మైక్రాన్ల హద్దు ఎక్కడి నుంచి వచ్చింది? ఔషధ ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ ఇచ్చిన క్యూ6ఏ మార్గదర్శకం కణ పరిమాణానికి హద్దు పెట్టే ముందు అది కరిగే వేగాన్ని, స్థిరత్వాన్ని, మోతాదు సమానతను ప్రభావితం చేస్తుందో లేదో చూడమంటుంది. అంటే మనుషుల మీద బయో పరీక్ష (మందు శరీరంలోకి ఎంత చేరుతుందో చూసే పరీక్ష) జరిగిన బ్యాచ్‌లో వాడిన పొడిని బట్టి హద్దు రావాలి. ఆ పొడిని ఎవరు, ఏ పద్ధతిలో కొలిచారు? మీ పాత పద్ధతిలోనే కొలిచి ఉంటే, 30 అన్న హద్దు కూడా కరుగుతున్న పొడి మీద కట్టిన హద్దే. అప్పుడు కొత్త కొలబద్దతో వచ్చిన 33ను పాత కొలబద్దతో గీసిన గీత పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. అలాగని గీతను మీకు కావలసిన చోటికి జరపమని కాదు. బయో బ్యాచ్ పొడి మిగిలి ఉంటే దాన్ని కొత్త పద్ధతిలో కొలవండి, మాట్లాడవలసినది ఆ పొడే.

బొంతపల్లి క్యూసీ:
ఆరు నమూనాల డి90 విలువలు 32 నుంచి 35 మధ్య ఉన్నాయి, విచలనం 4 శాతం లోపే. ఒక్కదానిలో మాత్రం 250 మైక్రాన్ల దగ్గర చిన్న మూపురం ఉంది, అది పెచ్చే. మిల్లు విభాగానికి తెలియజేశాము.

మేడమ్ గారి ప్రశ్నకు సమాధానం పాత దస్త్రాల్లో దొరికింది. హద్దును మా పాత వెట్ పద్ధతి ఫలితాల మీదే నిర్ణయించారు. బయో బ్యాచ్‌కు అప్పట్లో 26 వచ్చింది, కొంచెం వెసులుబాటు ఇచ్చి 30 అని రాశారు. అవతలివారు తరువాత డ్రై పద్ధతికి మారారు గాని హద్దు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రస్తుతానికి ఈ బ్యాచ్‌ను ఓఓఎస్ విచారణ (హద్దు దాటిన ఫలితంపై విచారణ) కింద ఆపి ఉంచాము, విడుదల చేయలేదు. పద్ధతి మార్పుకు చేంజ్ కంట్రోల్ (మార్పును సమీక్షించి ఆమోదించే అధికారిక ప్రక్రియ) తెరిచాము. బయో బ్యాచ్ పొడి 40 గ్రాములు అవతలివారి దగ్గర ఉందట, వచ్చే వారం పంపుతామన్నారు. అది వచ్చాక డ్రై పద్ధతిలో 3 బార్ల దగ్గర కొలవాలని అనుకుంటున్నాను.

పరవాడ మిల్లు:
ఒక్క మాట. ఆ పొడి ఎనిమిదేళ్లుగా సీసాలో ఉంది. ఇంత తక్కువ ద్రవీభవన స్థానం గల పదార్థంలో కణాలు తాకే చోట మెల్లగా అతుక్కుపోతాయి, 41 రోజులకే మీ సరుకు ఏమైందో చూశారు కదా. అంత పాత అతుకులను 3 బార్లు విడదీస్తాయన్న హామీ లేదు, ఒత్తిడి పెంచితే కణాలు విరుగుతాయి. దాన్ని ముందు సూక్ష్మదర్శిని కింద చూసి, తరువాత వెట్ పద్ధతిలో సోనికేషన్ మెట్లన్నీ మళ్లీ మొదటి నుంచి వేయండి. కొత్త పొడికి దొరికిన 60 సెకన్ల చదును దానికి అక్కడే ఉండకపోవచ్చు. ఉన్నది 40 గ్రాములే కనుక డ్రై పద్ధతికి అందులోంచి పది గ్రాములకు మించి ఖర్చు చేయకండి.

పాత జల్లెడ:
సీసా మూత తీసే ముందు దాన్ని కుదపవద్దని కూడా వారికి రాయండి. పైన గట్టిపడిన పొర ఉందో లేదో మూత తీసిన క్షణంలోనే తెలుస్తుంది, ఆ తరువాత తెలియదు.

బొంతపల్లి క్యూసీ:
ఇప్పుడే వారికి ఆ సంగతి రాశాను. పొడి చేరగానే వెట్ పద్ధతి మెట్ల ఫలితాలు, సూక్ష్మదర్శిని చిత్రాలు ఇక్కడే పెడతాను.